పుస్తకం ఉచితమే, మరి అక్షరం?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు, ఆటోవాలా తీసుకెళ్లి దింపేస్తాడు. ర్యామ్ కావాలన్నా, ల్యాప్‌టాప్‌కి కీబోర్డు మార్పించాలన్నా జంటనగరాల వాళ్లు ఏళ్ల తరబడి ఎక్కి దిగుతున్న మెట్లవి. ఆ మధ్య నేనూ ఎక్కాను, చేతిలో ఒక పాత సీడీ పట్టుకుని.

2003లో మా నాన్నగారు తన వ్యాసాలు పుస్తకంగా వేయించుకున్నారు. ఐదొందల కాపీలు. బంధువులకి పంచగా మిగిలినవి చెదలు పంచుకున్నాయి. సీడీ ఒక్కటే బీరువాలో భద్రంగా మిగిలింది. దాన్ని ఈబుక్‌గా మార్చి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఊరికే పంపిద్దామని నా ఆశ. నా కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదు. అక్కడొక డ్రైవు కొనుక్కుని, పక్క సందులో డీటీపీ పని చేసే కుర్రాడి దగ్గరికి వెళ్లాను. అతను ఫైలు తెరిచి, కాసేపు తల గోక్కుని అన్నాడు: "సార్, ఇండ్ల తెలుగు లేదు. అంత ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నయ్."

మా నాన్నగారు బ్యాంకు చెక్కు మీద కూడా తెలుగులోనే సంతకం పెట్టిన మనిషి. ఆయన పుస్తకంలో తెలుగు లేకపోవడమేమిటి? కానీ ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం.

కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. ఏ అంకెకి ఏ ఆకారం చూపించాలో చెప్పేది ఫాంటు. పాత రోజుల్లో ఒక ఫాంటులో ఉండే గదులు 256. ఇంగ్లిష్‌కి అవి కావలసినన్ని: పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు, చుక్కలు, కామాలు పోగా ఇంకా మిగులుతాయి. మనకో? హల్లులు, ప్రతి హల్లుకీ గుణింతం, దాని కింద వత్తు, ఆ వత్తు పక్కన ఇంకో వత్తు. అన్నీ విడివిడిగా పేర్చుకుంటూ పోతే లెక్క వేలల్లో తేలుతుంది. అందుకని అప్పటి ఫాంటు తయారీదారులు తెలుగక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టుకి ఒక గది, కొమ్ముకి ఒక గది, రావత్తుకి ఒక గది. ఆ గదులు నిజానికి ఇంగ్లిష్ అక్షరాలవి, గుర్తులవి. తెరమీద కనపడేది తెలుగు, ఫైలులో దాచింది ఇంగ్లిష్. పగటివేషం అన్నమాట. ఫాంటు ఉన్నంతసేపూ వేషం నిలుస్తుంది. అది లేని కంప్యూటర్లో తెరిస్తే రంగు కడిగేసినట్టు అసలు రూపం బయటపడుతుంది.

దీనికి ఎవర్నీ తిట్టడానికి లేదు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన కంపోజిటర్ చేతుల్లోంచి తెలుగు అచ్చు కంప్యూటర్‌లోకి వచ్చిపడింది ఈ పగటివేషంతోనే. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు, అన్నీ దాని మీదే నడిచాయి. అసలు చిక్కు, ఒక్కో కంపెనీ గదుల్ని ఒక్కోలా పంచుకోవడంలో వచ్చింది. ఒకరి ఫాంటులో కొమ్ము ఉన్న గదిలో ఇంకొకరు ఐత్వం పెట్టారు. పైగా అప్పట్లో డీటీపీ వాళ్లు పేజీలు కట్టిన సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ యూనికోడ్ ముఖం ఎప్పుడూ చూడలేదు. దాని చివరి రూపం 7.0 విడుదలైంది 2001లో. ఆ తర్వాత కొత్తది రాలేదు.

ఇక యూనికోడ్ సంగతి. ఏ కంపెనీ ఫాంటైనా అక్షరానికి ఒకటే అంకె ఉండాలని వేసిన ఉమ్మడి పట్టిక అది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి సొంత పేట దొరికింది: 3072 నుంచి 3199 దాకా 128 గదులు. వేలల్లో తేలిన లెక్క 128లో ఎలా పట్టింది? కిటుకంతా అక్కడే ఉంది. యూనికోడ్ ఆకారాలకి నంబర్లు ఇవ్వదు, వర్ణాలకి ఇస్తుంది. వత్తులకి వేరే గదులే లేవు. ‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. ఫైలులో ఉండేది ఇది: స (3128), పొల్లు (3149), త (3108), మళ్లీ పొల్లు (3149), ర (3120), చివర గుడిదీర్ఘం (3136). మొత్తం ఆరు అంకెలు. ఇంటర్నెట్‌లో వాడే పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, అంటే కంటికి ఒకే ఒక్క అక్షరంగా కనపడే స్త్రీ పద్దెనిమిది బైట్ల మనిషి.

ఇప్పుడు ఆ అక్షరాన్ని ఇంకోసారి చూడండి. అన్నిటికన్నా చివర వచ్చిన గుడిదీర్ఘం ఎక్కడ కూర్చుంది? అన్నిటికన్నా ముందున్న ‘స’ నెత్తిన. మధ్యలో వచ్చిన ‘త’ వత్తుగా మారి కిందికి దిగింది. ‘ర’ కూడా వత్తై పక్కకి చేరింది. రాసిన వరస ఒకటి, కనపడే వరస ఇంకొకటి. చిన్నప్పుడు పలక మీద మాస్టారు చెయ్యి పట్టుకుని నేర్పిన ఈ సర్దుబాటుని కంప్యూటర్లో చేసిపెట్టే ప్రోగ్రామ్ ఒకటుంది. దాని పేరు హర్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్, వీటన్నిటిలోనూ తెరవెనక అక్షరాలు సర్దేది ఇదే. దీన్ని తీర్చిదిద్దిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరానీయుడు. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతి పేరుకి పారశీక అనువాదమే హర్ఫ్‌బజ్. హర్ఫ్ అంటే అక్షరమని మోండా మార్కెట్లో ఉర్దూ మాట్లాడే ఏ దుకాణదారుణ్ణి అడిగినా చెబుతాడు. మన వత్తుల్ని కిందికి దించి, గుడుల్ని పైకెక్కించే పనిముట్టుకి మన బజారుకి తెలిసిన మాటే పేరుగా ఉండటం నాకు భలే నచ్చింది.

హర్ఫ్‌బజ్ సర్దాల్సింది సర్దినా, ఆ తర్వాత పుస్తకాన్ని దేంట్లో దాస్తామన్నది ఇంకో కథ. పీడీఎఫ్‌నే ఈబుక్ అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. 1993లో అడోబీ దీన్ని తెచ్చింది కాగితం కోసం: పేజీ ఏ కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రింటర్లో వేసినా ఒకేలా రావాలని. అందుకే అది ‘ఈ ఆకారాన్ని పేజీలో ఈ చోట పెట్టు’ అని రాసుకుంటుంది. ఆ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి లోపల ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు. అది లేకపోతే కంటికి నదురుగా కనపడే పుస్తకంలో ఒక్క మాట కూడా వెతకలేం. కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. పట్టిక ఉన్నా తెలుగుకి తంటానే. ఒక ఆకారానికి రెండు మూడు అంకెలు, వాటి వరస కూడా వేరు కావడంతో కాపీ చేసిన ‘స్త్రీ’లో గుడి ఒకచోట, వత్తు ఒకచోట చెల్లాచెదురుగా పడటం నేను చాలాసార్లు చూశాను. చూపులేనివారికి పుస్తకం చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇలాంటి పీడీఎఫ్ ముందు నోరు మూసుకుంటుంది. ఫోన్‌లో చదివేవాళ్ల అవస్థ మనందరికీ అనుభవమే: వేళ్లతో సాగదీసి, ఒక్కో లైను చివరిదాకా జరుపుకుంటూ పోవాలి.

ఈపబ్ అలా కాదు. వెబ్ డిజైనర్లకి ఇక్కడొక తమాషా చూపిస్తాను. ఏదైనా ఈపబ్ ఫైలు తీసుకుని దాని పేరు చివర ఉన్న ఈపబ్ చెరిపి జిప్ అని మార్చి తెరవండి. లోపల ఏముంటుంది? హెచ్‌టీఎంఎల్ పేజీలు, ఒక సీఎస్‌ఎస్ ఫైలు, బొమ్మలు, ఫాంట్లు, ఏ అధ్యాయం తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా. అంటే ఈబుక్ మూటకట్టిన వెబ్‌సైటు. వెబ్ పేజీ కట్టడం వచ్చినవాడికి పుస్తకం కట్టడం కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. 2007లో రెండో రూపం, 2011లో మూడో రూపం వచ్చిన ఈ పద్ధతిని 2017 నుంచి వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీయే చూసుకుంటోంది. అక్షరం పెద్దది చేస్తే పేజీ దానంతటదే సర్దుకుంటుంది. వెతికితే దొరుకుతుంది. చదివి వినిపిస్తుంది. ఇవన్నీ లోపల నిజమైన అక్షరాలు ఉంటేనే సుమా.

సరే, కట్టడం నేర్పే పుస్తకాలో? అవి కావలసినన్ని ఉన్నాయి, ఉచితంగానే. జెరెమీ కీత్ 2016లో రాసిన ‘రెజిలియెంట్ వెబ్ డిజైన్’ వెబ్ చరిత్రని కథలా చెబుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు చదవాల్సింది అదేనని నా ఓటు. ప్రోగ్రామింగ్‌కి మరైన్ హావర్‌బెకె ‘ఎలోక్వెంట్ జావాస్క్రిప్ట్’ ఉంది, కాస్త కరుకు, కానీ నమ్మకంగా నడిపిస్తుంది. ఫైళ్ల పాత కొత్త రూపాల్ని కాపాడుకునే విద్యకి ‘ప్రో గిట్’. బొమ్మలేసేవాళ్లూ రాసేవాళ్లూ ఇద్దరూ చదువుకోదగింది ఫ్రాంక్ చిమెరో 2012 నాటి ‘ద షేప్ ఆఫ్ డిజైన్’. అక్షరాల అందం గురించి మాథ్యూ బటరిక్ ‘ప్రాక్టికల్ టైపోగ్రఫీ’. అన్నీ ఆన్‌లైన్‌లో ఊరికే చదువుకోవచ్చు.

ఊరికే చదువుకోవచ్చు సరే, ఊరికే ఏం చేసుకోవచ్చు? ఇంగ్లిష్‌లో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట కావడంతో వాళ్లు దాని గురించి దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. మనకి ఆ బాధ లేదు, రెండు మాటలున్నాయి. కానీ మనం రెండో మాట వాడం. 2002 డిసెంబరులో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఈ స్వేచ్ఛ కొలతలు చెప్పేవే. ‘రెజిలియెంట్ వెబ్ డిజైన్’ని మీరు తెలుగులోకి అనువదించవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. మూలం ఎవరిదో చెప్పాలి, మీ అనువాదాన్నీ అదే షరతుతో వదిలిపెట్టాలి, అంతే. ‘ప్రో గిట్’, ‘ఎలోక్వెంట్ జావాస్క్రిప్ట్’ అలా కాదు. పంచుకోవచ్చు గానీ వ్యాపారం చేయకూడదు. జిరాక్స్ తీసి కోచింగ్ సెంటర్లో అమ్మితే తప్పు తప్పే. మూడూ ఉచితమే, స్వేచ్ఛ మాత్రం మూడింటికీ ఒకటి కాదు.

తెలుగు పుస్తకాలకీ బొమ్మలకీ వస్తే ఇక్కడి చట్టం లెక్క వేరు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు కుటుంబానిదో, ప్రచురణకర్తదో. గురజాడ (1915), గిడుగు (1940), సురవరం ప్రతాపరెడ్డి (1953) రాసినవి ఇప్పుడు అందరివీ. చలం 1979లో పోయారు కాబట్టి 2039 ఆఖరు దాకా ఆగాలి. శ్రీశ్రీ 1983, అంటే 2043 ఆఖరు. బాపు బొమ్మలు 2074 ఆఖరు దాకా. గూగుల్‌లో దొరికిన బాపు బొమ్మని పెళ్లిపత్రిక మీద అతికించే గ్రాఫిక్ డిజైనర్ మిత్రులకి ఈ చివరి అంకె ప్రత్యేకం.

మళ్లీ అక్షరాల దగ్గరికి వస్తాను. పైన చెప్పిన ఇంగ్లిష్ పుస్తకాలు ఎంత మంచివైనా, వాటి లెక్కలు లాటిన్ లిపికి కట్టినవి. లైనుకీ లైనుకీ మధ్య ఎంత ఎడం ఉండాలన్న సలహా చూడండి. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దాటనక్కర్లేదంటారు. వాళ్లకి కిందికి వేలాడేవి నాలుగైదు అక్షరాల తోకలు. మనకి పై లైను వత్తు, కింద లైను గుడి నడిదారిలో తలపడతాయి. మా నాన్నగారి పుస్తకానికి నేను 1.7 పెట్టాక గానీ అవి విడిపోలేదు. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా అలంకరించే ముచ్చట ఉంటుంది కదా, అక్కడా ఇంతే. పేరా ‘స్త్రీ’తో మొదలైతే ఉత్త ‘స’ని పెద్దది చేసి మిగతాది వదిలేయకూడదు, మొత్తం అక్షరం లేవాలి. భారతీయ లిపుల కోసం డబ్ల్యూ3సీ రాసిపెట్టిన లేఅవుట్ పత్రంలో ఇలాంటి సంగతులున్నాయి. చదవడానికి వేపకాయంత చేదుగా ఉన్నా, అది కూడా ఉచితమే. దాన్ని ఎవరైనా తేట తెలుగులో, తెలుగు ఉదాహరణలతో చిన్న ఈబుక్‌గా రాస్తే సికింద్రాబాద్‌లో ఫ్లెక్సీ కొట్టేవాళ్ల నుంచి గచ్చిబౌలిలో యాప్‌లు గీసేవాళ్ల దాకా పనికొస్తుంది.

ఈపబ్ మూటలో పెట్టే ఫాంటుకీ అనుమతి కావాలి. డబ్బు పెట్టి కొన్న ఫాంటైనా పుస్తకంలో పొదిగి పంచే హక్కు దాంతోపాటు రాకపోవచ్చు. తెలుగు ఈ విషయంలో అదృష్టం చేసుకుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అని పేర్లు పెట్టి రెండు యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఒక వరసే వచ్చింది, ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, మండలి, సురవరం, ఎన్టీఆర్. రాయలవారి భువనవిజయం సగం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈ లైసెన్సు కింద ఫాంటుని పుస్తకంలో పొదగవచ్చు, మార్చుకోవచ్చు, ఆ పుస్తకాన్ని అమ్ముకోవచ్చు. ఫాంటుని ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు, అంతే. పుస్తకం లోపలి పేజీలకి నేను వాడింది మండలి. సురవరం బొద్దుగా ఉంటుంది, అట్ట మీదికి బాగుంటుంది. ఇక పేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌కీ కొనుగోలు అక్కర్లేదు. బొమ్మలకి ఇంక్‌స్కేప్, అచ్చుకి స్క్రైబస్ ఉన్నాయి. స్క్రైబస్ పాత రూపాల్లో తెలుగు చెదిరిపోయేది. 1.6 తీసుకోండి, అందులో అక్షరాలు సర్దేది మన హర్ఫ్‌బజ్జే.

ఉచిత తెలుగు పుస్తకాలనగానే చాలామందికి గుర్తొచ్చేవి స్కాన్లు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పూనికతో పది లక్షల పుస్తకాల పథకం మొదలైంది. మన దగ్గర అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద చెయ్యి. దొరకవనుకున్న పుస్తకాలు ఆ పుణ్యాన బతికాయి, ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కనపడుతున్నాయి. కానీ స్కాన్ అంటే ఫొటో. అందులో వేషం వేసిన అక్షరం కూడా లేదు, ఉన్నది ఉత్త నలుపూ తెలుపూ. దాన్ని అక్షరంగా మార్చే పని తెలుగు వికీసోర్స్‌లో జరుగుతోంది, జీతం లేని మనుషుల చేత. ఓసీఆర్ యంత్రం బొమ్మని చదివి తోచింది రాస్తుంది. అప్పుడు ఆ పేజీ గుర్తు ఎరుపు. ఒక మనిషి మూలంతో పోల్చి దిద్దితే పసుపు. ఇంకో మనిషి మళ్లీ చూసి సరేనంటే ఆకుపచ్చ. దిద్దిన మనిషే ఆకుపచ్చ పెట్టడానికి వీల్లేదు. పూర్వం ప్రెస్సుల్లో ప్రూఫు రెండు కళ్లు దాటాకే అచ్చుకి వెళ్లేది, అదే నియమం. ఇలా పూర్తయిన పుస్తకాన్ని ఒక్క నొక్కుతో ఈపబ్‌గా దించుకోవచ్చు.

మా నాన్నగారి సీడీ సంగతి చెప్పలేదు కదూ. పగటివేషం విప్పే పనిముట్లు ఉన్నాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే ‘పద్మ’ అనే ఒక మార్పిడి పనిముట్టు చేసి ఈ దారి చూపించారు. ఏ గదిలో ఏ ముక్క ఉందో పట్టిక వేసుకుని, ముక్కల్ని ఏరి, వాటి వరస సరిచేసి, యూనికోడ్ అంకెలుగా రాయడమే ఇందులో పని. మా ఫైలుకి సరిపడే పట్టిక దొరికింది గానీ నూటికి నూరు పాళ్లు కుదరలేదు. ఆ పాత ఫాంటులో ‘మ’ అన్నది ‘వ’ పక్కన కొమ్ము తగిలించి కట్టిన అక్షరం. అందుకని చాలాచోట్ల ‘మనం’ కాస్తా ‘వునం’ అయి కూర్చుంది. ‘అమ్మ’ ఉన్న ప్రతి చోటా చెయ్యి పెట్టాల్సి వచ్చింది. 112 పేజీలు, మూడు వారాల రాత్రులు. దిద్దుతూ దిద్దుతూ ఆయన వ్యాసాలు మొదటిసారి పూర్తిగా చదివానని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

చివరికి తయారైన ఈపబ్, ఫాంటుతో కలిపి, వాట్సాప్‌లో వచ్చే శుభోదయం వీడియో కన్నా చాలా చిన్నది. రెండో పేజీలో ఒక వాక్యం చేర్చాను: పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. డీటీపీ కుర్రాడికి పంపిస్తే ఫోన్‌లో తెరిచి, వేలితో ఒక మాట నొక్కి పట్టుకుని, కాపీ చేసి నాకే తిరిగి పంపాడు. కింద రాశాడు: "ఇప్పుడు తెలుగు ఉంది సార్."

1990ల నుంచి ఈ మధ్య దాకా అచ్చైన తెలుగు పుస్తకాలు ఎన్నో ఇలాగే పేజ్‌మేకర్ ఫైళ్లలో, సీడీల్లో, డీటీపీ షాపుల అటకల మీది హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. వాటిని తెరిచే కంప్యూటర్లు ఏటా కొన్ని పాతసామాన్ల వాడి బండెక్కుతున్నాయి. సీడీకీ ఆయుష్షు ఉంటుంది. మీ ఇంట్లో రచయిత ఉన్నా, ఒకప్పుడు ఉన్నా, బీరువాలో అలాంటి సీడీ ఉండే ఉంటుంది. ఈ ఆదివారం తీసి, ఎక్కడైనా తెరిపించి, ఫైలునీ దాని పాత ఫాంటునీ కలిపి రెండు చోట్ల కాపీ చేసి పెట్టండి. మార్చడం, దిద్దడం తర్వాత చూసుకోవచ్చు.